సమ్మక్క ఇంటికి కొలతల సారు

జగిత్యాలలో సొంతిల్లు కట్టుకున్నవాళ్లు బోలెడుమంది. కానీ మున్సిపాలిటీ వాళ్లు తన ఇంటిని కొలవడానికి రావడం లేదని అన్నం మానేసి అలిగిన మనిషి మాత్రం నాకు తెలిసి ఒక్కతే. ఆమె సమ్మక్క.

లోకం తీరు వేరు కదా. ఇటుకలు దిగినప్పటి నుంచి రంగులు పడేదాకా ఇల్లు కట్టుకునేవాడి చూపంతా సందు మొగదలే ఉంటుంది. ఆఫీసు బండి ఇటు తిరగకుండా పోతే చాలు, కొండగట్టు అంజన్నకు కొబ్బరికాయ కొడతాడు. సమ్మక్కదంతా ఉల్టా. బండి ఎందుకు తిరగలేదని ఆమె గొడవ. ఆ గొడవ ఏమిటో తెలియాలంటే ఆమె బతుకు కొంచెం తెలియాలి.

బీర్పూర్ నుంచి సాయన్నను చేసుకుని జగిత్యాల వచ్చినప్పటి నుంచి సమ్మక్కది కట్టడాల దగ్గర కూలిపని. ఇసుక జల్లించడం, కంకర మోయడం, సిమెంటు మాలు తట్ట నెత్తికెత్తుకుని మేస్త్రికి అందించడం. ఊళ్లో ఏ కాలనీలో తిరుగుతున్నా ఆమె చెయ్యి ఊరుకోదు. "గా ఇంటి స్లాబు నేనే ఏసిన" అని చూపిస్తుంది. సాయన్న మామిడి మార్కెట్లో హమాలీ, మాటకారి. "నువ్వేసినవా, మేస్త్రి ఏసిండా?" అంటాడు. "మేస్త్రి మాలు పరిసిండు. నెత్తి మీద మోసిందెవలు?" అంటుంది.

ఆ కట్టడాల దగ్గర ఆమె ఎన్నోసార్లు చూసిన తతంగం ఒకటుంది. ఆఫీసు నుంచి సారు బండి దిగుతాడు. "పక్కకు జరుగుండ్రి" అని మేస్త్రి అరుస్తాడు. కూలోళ్లంతా తట్టలు దించి ఇసుక కుప్ప దగ్గరికి పోయి నిలబడతారు. తర్వాత మేస్త్రి సమ్మక్క వంక చూస్తాడు. ఎందుకంటే ఆమె గొంతు అంత గొప్పది, మిక్సర్ తిరుగుతున్నా వీధి అవతలికి వినబడుతుంది. ఆమె కొంగు సర్దుకుని కేకేస్తుంది. "ఓనరమ్మా! సారచ్చిండు!"

అప్పుడు లోపలినుంచి ఇస్త్రీ బట్టల్లో ఓనరు వస్తాడు, లేదా ఓనరమ్మ వస్తుంది. సారు టేపు తీసి ఒక కొస వాళ్ల చేతికిస్తాడు. ఆ మూల నుంచి ఈ మూలకు సాగదీస్తారు. ఆ తర్వాత సారుకు కప్పూ సాసరులో చాయ్. ఇసుక కుప్ప దగ్గర నిలబడి సమ్మక్క చాయ్ వంక చూసేది కాదు, టేపు వంకే చూసేది. ఆ పసుపుపచ్చ పట్టీ గోడ వెంట పారుతుంటే ఆమె కళ్లు దాని కొస వెంటే పోయేవి. అప్పటిదాకా అది ఇటుకలే. టేపు సాగిన తర్వాతే అది ఫలానావాళ్ల ఇల్లు. ఆమె లెక్క అది.

మరి తను పుట్టిన ఇల్లు? బీర్పూర్ అవతల ఎవరిదో మెట్ట చెలక ఒడ్డున తాటికమ్మల గుడిసె. దాన్ని కొలవడానికి ఎవరూ రాలేదు. ఒక్కసారి మాత్రం ఒకాయన వచ్చాడు, ఇక్కడి నుంచి తీసేయమని చెప్పడానికి. ఆయన చేతిలో టేపు లేదు.

ఇప్పుడు ఆమెకు గొల్లపల్లి రోడ్డు అవతల సందులో డెబ్బై గజాల జాగా ఉంది. చిట్టీలు కట్టింది ఆమె కాబట్టి జాగా ఆమె పేరు మీదే ఉండాలని సాయన్న పట్టుబట్టి రాయించాడు. ఆ మనిషిలో నాకు నచ్చే విషయాల్లో అదొకటి. మిగతావి వెతకాలి.

కూతురు కవిత మీసేవలో పని చేస్తుంది. ఒకరోజు మధ్యాహ్నం తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని కంప్యూటర్లో ఒక్కొక్కటే అడుగుతూ నింపింది. జాగా ఎంత, ఎన్ని అంతస్తులు, ఎవరి పేరు. రూపాయి ఫీజు కట్టింది. సమ్మక్క బొటనవేలికి సిరా పూస్తారేమో అని చెయ్యి చాపుకుని కూర్చుంది. ఎవరూ పూయలేదు.

"అయిపోయింది, లేవే అమ్మా," అంది కవిత.

"ఏం అయిపోయింది?"

"ఇల్లు కట్టుకునుడుకు రిజిస్టర్ అయింది. డెబ్బై ఐదు గజాల లోపు జాగల, కింద ఒకటి పైన ఒకటి కంటె ఎక్కువ కట్టకుంటే పర్మిషన్ అక్కర్లేదు. ప్లాను గిట్ల అక్కర్లేదు. మనం చెప్పిందే నమ్ముతరు."

"ఎవలు నమ్ముతరు?"

"సర్కారు."

"నేను చెప్పిందా?"

"ఆఁ, నువ్వు చెప్పిందే."

సమ్మక్క ముందు నవ్వింది. తర్వాత కూతురు ముఖం చూసి ఇది పరాచికం కాదని అర్థం చేసుకుంది. పాతికేళ్లుగా ఆమె మాటను మేస్త్రి నమ్మలేదు, కూలి లెక్కల్లో కాంట్రాక్టరు నమ్మలేదు, ఆస్పత్రిలో నర్సు కూడా నమ్మలేదు. ఏకంగా సర్కారే నమ్మితే మనిషి కాళ్లు నేలమీద ఎలా నిలుస్తాయి? ఆ రోజు ఇంటికి నడిచి వస్తూ ఎదురుపడ్డ ప్రతి మనిషినీ ఆపి చెప్పింది. "సర్కారు నా మాట నమ్మింది." పాలవాడికి చెప్పింది. సారంగాపూర్ బస్సు కోసం నిలబడ్డ ముక్కూ మొహం తెలియని ముసలామెకూ చెప్పింది. ఆ ముసలామె "మంచిదే బిడ్డా" అని ఆశీర్వదించి, ఎందుకైనా మంచిదని రెండడుగులు దూరం జరిగింది.

ఇంటికొచ్చి చెంబెడు నీళ్లు తాగాక అసలు ప్రశ్న గుర్తొచ్చింది. "మరి సారెప్పుడస్తడు?"

"ఎందుకస్తడు? మనకు అవసరం లేదంటున్న గద," అంది కవిత.

"కొలువడా?"

"కొలువడు. చెప్పింది తప్పని తర్వాత తేలితే మాత్రం కూలగొడ్తరు. దానికి ఒప్పుకుంటున్నమని గుడ రాసినం."

అదిగో, అక్కడ మొదలైంది అలక, ఆ రాత్రి అన్నం కూడా ముట్టలేదు. చూడకుండా నమ్మడమేమిటి? ఇవాళ చూడకుండా నమ్మి, స్లాబు పడి, రంగులు పడి, మనవలు పుట్టాక ఏ సారో వచ్చి జానెడు తప్పంటే? "ఒప్పని చెప్పిపోతెనే నాకు నిద్రపడ్తది. లేకుంటే గా ఇంట్ల పండినా బయట పండినట్టే," అంది సమ్మక్క. భయం సగం, ఆశ సగం. ఆశే ఎక్కువని నేననుకుంటాను. ఆమె కళ్లల్లో ఆ పసుపుపచ్చ టేపే ఆడుతోంది.

గోడలు లేచాయి. తన ఇంటికి తనే మాలు మోసింది. స్లాబు పడింది. చివరగా ఇంటి ముందు కూర్చోవడానికి గద్దె కట్టించుకుంది. పొద్దుగూకాక దానిమీద కాళ్లు చాపుకుని కూర్చోవాలని ఆమెకు ఎప్పటి నుంచో మనసు. మేస్త్రికి తనే దగ్గరుండి చూపించింది, "ఇంకొంచెం ముందుకు, ఇంకొంచెం" అని. ఇక మిగిలింది సారు రావడమే. రాడట. సరే, తనే పోయి పిలుస్తానంది.

ఆ మాట సందంతా పాకింది. వెంటనే ఎదురింటి రాజక్క వచ్చేసింది. రాజక్క బీడీలు చేస్తుంది. సందులోకెల్లా పెద్ద గద్దె ఆమెదే. పొద్దంతా వాడకట్టు ఆడవాళ్లు ఆ గద్దె మీదే చాటలు ఒళ్లో పెట్టుకుని, ఆకు చుడుతూ లోకం సంగతులన్నీ తేల్చేస్తారు. ఆ గద్దె ఎంత పెద్దదంటే ఆటో వస్తే ఒక చక్రం పక్కనున్న మురుగు మోరీలో పెట్టి పోవాలి. నిజం చెప్పాలంటే ఆ సందులో రోడ్డు మీదికి రాని గద్దె లేదు.

"ఏమే సమ్మక్కా, మతి గిట్ల పోయిందా నీకు? సర్కారోళ్లు రామంటె సంబురపడాలె గని, పోయి పిలుసుకస్తరానే?"

"నా ఇల్లు సూడనీకి పిలుస్తున్న. నీ ఇల్లు సూడనీకి కాదు."

"సారుకు కండ్లు ఒక్క దిక్కే ఉంటయా? సందుల అడుగు పెట్టంగనే మా గద్దెలు అవుపడయా? సమ్మక్క గద్దెకత్తదని మేడారం జాతరకు పోతం గని, సమ్మక్క గద్దెలు పీకిపిస్తదని మాకేమెరుక!"

సాయన్న పక్కకు తిరిగి నవ్వాడు. సమ్మక్కకు మాత్రం నవ్వు రాలేదు. రాజక్క అన్నది అబద్ధం కాదు. ఆ గద్దెలు పోతే వీళ్లంతా ఎక్కడ కూర్చుని బీడీలు చుట్టాలి? ఒక పూటంతా ఆలోచించింది. మళ్లీ పొద్దున లేచేసరికి టేపే గెలిచింది. తల దువ్వుకుని, కుంకుమ భరిణె కొంగున కట్టుకుని మున్సిపల్ ఆఫీసుకు బయలుదేరింది. పెద్దమనుషులను పిలవడమంటే ఆమెకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

కౌంటర్ దగ్గర కూర్చున్న అమ్మాయి "ఏం పని?" అని తలెత్తేలోపే నుదుట బొట్టు పడింది.

"బేస్తారం నాడు మా ఇంటికి సారును తోలియ్యుండ్రి బిడ్డా."

"గృహప్రవేశమా?"

"కాదమ్మా. కొలతలు."

అక్కడున్న నలుగురూ పని ఆపి చూశారు. టౌన్ ప్లానింగ్ చూసే మధుకర్ సారును పిలిచారు. ఆయన ఆమె పేరు అడిగి కంప్యూటర్లో వెతికి, నెమ్మదిగా చెప్పాడు. "మీ జాగకు ఎవ్వలు వచ్చి చూసే అవసరం లేదమ్మా. మీరు చెప్పింది మేం నమ్మినం."

"నమ్మిన్రు. మా బిడ్డ చెప్పింది. గందుకే పిలువ అచ్చిన. నమ్మినోళ్లను ఇంటికి పిలువద్దా సారూ?"

మధుకర్ సారు కుర్చీలో వెనక్కి వాలాడు. "నౌకరీల చేరినకాన్నుంచి రావద్దని బతిమాలినోళ్లనే చూసిన. రమ్మని బొట్టు వట్టుకొని వచ్చింది మీరే," అన్నాడు. తర్వాత అద్దాలు తీసి, బుద్ధిగా నుదురు ముందుకు వంచాడు. ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. సమ్మక్క తిరుగుదారిలో నడిచిందా, గాల్లో తేలిందా అనేది ఆమెకే తెలియదు. చెప్పులు మాత్రం ఆఫీసు గుమ్మం ముందే మరిచిపోయి వచ్చింది.

ఆ గురువారం పొద్దున సందును చూసి తీరాలి. గద్దెలన్నీ మాయమైపోయాయి. అంటే పోలేదు, దాక్కున్నాయి. ఒక గద్దె మీద నులక మంచం, దానిమీద దుప్పటి నేలదాకా వేలాడుతోంది. ఇంకో గద్దె మీద మక్కజొన్నలు ఎండబోశారు. ఇంకోదాని మీద బస్తాలు, చాపలు, ఎవరిదో పాత కూలర్. రాజక్క గద్దె ఎంత కప్పినా కొసలు బయటికే వస్తున్నాయి. చివరికి ఆమె దానిమీద మంచం వేయించి, గొంగడి కప్పుకుని, మూలుగుతూ తనే పడుకుంది. జ్వరమొచ్చిన ముసలామెను లేపి కింద ఏముందో చూసే అధికారి ఇంకా పుట్టలేదని ఆమె ధైర్యం.

సమ్మక్క మాత్రం తన గద్దెను దాచలేదు. సాయన్న చాటుగా ఒక బస్తా తెచ్చి కప్పబోతే చేతిమీద ఒక్కటిచ్చింది. "నమ్మినోళ్ల ముంగట గీ ఏసాలేంది?" కొత్త చీర కట్టుకుంది. కొత్త కప్పు, కొత్త సాసరు కడిగి బోర్లించింది. గుమ్మంలోకి, లోపలికి, మళ్లీ గుమ్మంలోకి తిరుగుతూనే ఉంది. వచ్చాక ఏం మాట్లాడాలో, టేపు ఏ చేత్తో పట్టుకోవాలో కవితతో చెప్పించుకుని నేర్చుకుంది.

సందు మొగదల బండి చప్పుడైంది.

అప్పుడు జరిగింది చూడండి. చప్పుడు వినగానే సమ్మక్క కాళ్లు వాటంతట అవే కదిలాయి. గుమ్మం దిగి, గద్దె దాటి, సందు మూలన మిగిలిపోయిన ఇసుక కుప్ప దగ్గరికి పోయి నిలబడింది. కొంగు నెత్తిమీదికి లాక్కుంది. ఎందుకు పోయిందో ఆమెకూ తెలియదు. పాతికేళ్లుగా బండి చప్పుడైతే ఆ కాళ్లు పోయే చోటు అదే.

మధుకర్ సారు హెల్మెట్ తీశాడు. బ్యాగులోంచి టేపు బయటికి తీస్తూ, తల వంచుకునే, పోగైన జనంతో అన్నాడు. "ఓనరును పిలువుండ్రమ్మా."

సమ్మక్క గొంతు సవరించుకుంది. ఇంటి వైపు తిరిగింది. "ఓనరమ్మా!" అని, గుమ్మంలోకి కేకేసింది. "ఓనరమ్మా! సారచ్చిండు!"

ఖాళీ ఇంటిలోంచి ఎవరూ రాలేదు. ఎలా వస్తారు? కవిత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సమ్మక్క ఇంకా గుమ్మం వంకే చూస్తోంది, ఇస్త్రీ బట్టల్లో ఎవరో దిగి వస్తారన్నట్టు.

మధుకర్ సారు తలెత్తాడు. ఆమెను చూశాడు, గుర్తుపట్టాడు. "మొన్న నాకు బొట్టు పెట్టింది మీరే గదమ్మా?" అన్నాడు.

ఎదురుగా మంచం మీద గొంగడి ఎగిరిపడింది. రాజక్క జ్వరం మరిచిపోయి లేచి కూర్చుంది. "ఓ సమ్మక్కా! నువ్వేనే ఓనరమ్మవు! ఎవల్ని పిలుస్తున్నవే పిచ్చిదానా!"

ఆ ఒక్క మాటతో సందు సందంతా పగలబడి నవ్వింది. రాజక్క నవ్వింది, కవిత నవ్వింది, మక్కల దగ్గర కూర్చున్నవాళ్లు నవ్వి నవ్వి మక్కల మీదే పడ్డారు. సమ్మక్క కూడా నవ్వింది. కడుపు పట్టుకుని, ఇసుక కుప్ప మీద చతికిలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. ఆ ఏడుపు ఎందుకో ఎవరూ అడగలేదు, అడగాల్సిన అవసరం కూడా లేదు. తన ఇంటి ముందు తనే పక్కకు జరిగి నిలబడింది కదా.

మధుకర్ సారు నవ్వలేదు. టేపు కొస పట్టుకుని ఇసుక కుప్ప దగ్గరికే నడిచి వచ్చాడు. "పట్టుకోండ్రి ఓనరమ్మా," అన్నాడు.

ఆమె చీరకు చెయ్యి తుడుచుకుని పట్టుకుంది. టేపు సాగింది. ఆ మూల నుంచి ఈ మూలకు, గోడ వెంట, కిటికీ కింద, వెనక్కి. సారు ఒక్కో కొలత పైకి చదువుతుంటే సమ్మక్క పెదవులు కదిలాయి. కొస వదిలేయమన్నా వదల్లేదు, రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. పాతికేళ్లు చూసిన టేపు అది. చేతికి ఇంత చల్లగా, ఇంత పలచగా తగులుతుందని ఆమె అనుకోలేదు.

ఇల్లంతా సరిగ్గానే ఉంది. చివరికి గద్దె దగ్గరికి వచ్చాడు. కొలిచాడు. మళ్లీ కొలిచాడు.

"ఇది జానెడు బయటికొచ్చిందమ్మా. సందు మీదికి. లోపలికి తీసుకోవాలె."

సమ్మక్క ముఖం చూడాలి మీరు. తప్పు దొరికిన మనిషి ముఖం కాదది. "తీస్త సారూ. ఇయ్యాలనే తీస్త. నా ఇంటి తప్పు గిది, నేనే దిద్దుకుంట," అంది. ఆమెకు ఆ జానెడు కూడా గొప్పగానే ఉంది. తప్పు చేయాలన్నా ముందు ఏదో ఒకటి సొంతం ఉండాలి కదా.

మధుకర్ సారు నిటారుగా నిలబడి సందును ఈ కొస నుంచి ఆ కొసకు చూశాడు. మంచాలు, చాపలు, మక్కలు, కూలర్. "మీ సందుల అందరు మంచాలు బయటనే ఏసుకుంటరా?" అని అడిగాడు. రాజక్క మెల్లగా గొంగడి మళ్లీ ముఖం మీదికి లాక్కుంది.

"ఇయ్యాల పిలిచిన ఇంటికే వచ్చిన. మీరు గుడ తలా జానెడు చూసుకోండ్రి. లేకుంటే పిలువకున్నా వస్త," అన్నాడు.

గొంగడి కింద నుంచి "సూసుకుంటం సారూ" అని వినబడింది.

చాయ్ కప్పూ సాసరులోనే ఇచ్చింది సమ్మక్క. ఆయన ఇంట్లోకి వచ్చి, కుర్చీ లేదు కాబట్టి గడప మీదే కూర్చుని తాగాడు. పోయేటప్పుడు "ఇల్లు మంచిగున్నదమ్మా, సరిగ్గ కట్టిన్రు" అన్నాడు. ఆ మాట కోసమే కదా ఇంత రాద్ధాంతం. ఆ బండి సందు మలుపు తిరిగేదాకా ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంది. ఈసారి కాళ్లు ఎటూ పోలేదు.

మధ్యాహ్నం గడ్డపార తీసుకుని తనే ఆ జానెడు కొట్టేసింది. గద్దె చిన్నదైంది గానీ కాళ్లు చాపుకోవడానికి సరిపోతుంది. ఎదురుగా రాజక్క కూడా గొంగడి మడతపెట్టి, తన గద్దె కొసను బొటనవేలితో తాకుతూ లెక్కలు వేసుకుంటోంది.

పొద్దుగూకింది. మార్కెట్ నుంచి వచ్చిన సాయన్న లోపలికి రాలేదు. సందులోనే నిలబడి, గొంతు పెంచి, భార్య కేకను ఉన్నదున్నట్టు అనుకరించాడు.

"ఓనరమ్మా!"

లోపల సాసరు తుడుస్తున్న సమ్మక్క చెయ్యి ఆగిపోయింది. అలవాటు కొద్దీ ఒక్క క్షణం అటూ ఇటూ చూసింది, ఎవరైనా లేస్తారేమో అని. తర్వాత మిక్సర్ తిరుగుతున్నా వీధి అవతలికి వినబడే ఆ గొంతుతోనే బదులిచ్చింది.

"అస్తున్న! ఎవలది?"